నాన్నకు బైపాస్ – కిడ్నీలు దెబ్బతినకుండా ముందు నుంచే ఏం చేయగలం?

మర్రిపాలెం అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, మర్రిపాలెం. మా నాన్నగారికి 66 ఏళ్లు. స్టీల్‌ప్లాంట్‌లో కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా షుగర్, ఎనిమిదేళ్లుగా బీపీ. పోయిన బుధవారం యాంజియోగ్రామ్ చేస్తే మూడు రక్తనాళాల్లో బ్లాకులున్నాయన్నారు. ఈ నెల 24న బైపాస్.

గుండె విషయంలో సర్జన్‌గారు ధైర్యం చెప్పారు. మా టెన్షన్ అంతా కిడ్నీల గురించే. క్రియాటినిన్ (కిడ్నీలు సరిగ్గా వడగట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.4 ఉంది. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు కిడ్నీలకు రక్తం తగ్గవచ్చని, మళ్లీ సరిగ్గా అందడం మొదలయ్యాక కూడా దెబ్బ తగలొచ్చని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ చెప్పారు. రక్తం తగ్గితే దెబ్బ అంటే అర్థమైంది. తిరిగొస్తే దెబ్బ ఏమిటి? అప్పుడు అడగడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చాక రాత్రంతా నిద్ర లేదు.

అమ్మ భయం వేరు. మా పెదనాన్నగారిది పలాస దగ్గర పల్లె. ఉద్దానం కిడ్నీ జబ్బుతో మా వాళ్లే ఇద్దరు పోయారు. డయాలసిస్ అనే మాట వింటేనే అమ్మ కూలబడిపోతోంది.

తలో మాటా చెప్తున్నారు. ఎదురింటి పిన్నిగారు పసుపు క్యాప్సూల్స్ డబ్బా తెచ్చిచ్చారు. పెదనాన్న తెల్ల గలిజేరు కషాయం తాగించమంటున్నారు. తమ్ముడు ఏదో వీడియో చూసి, చేతికి బీపీ పట్టీ బిగించి వదిలితే కిడ్నీలకు రక్షణ వస్తుందట అంటున్నాడు. ఇంకో పది రోజులు టైముంది. ఏది చేయాలి, ఏది చేయకూడదు? నాన్నకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి, రోజూ రాత్రి ఒక నొప్పి బిళ్ల వేసుకుంటారు. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

పంపు దగ్గర మనిషి:

అమ్మా, ముందు ఆ నొప్పి బిళ్ల సంగతి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటిదైతే ఈ రాత్రి నుంచే వేసుకోనివ్వకండి. రేపు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇది రోజూ వేసుకుంటున్నారని చెప్పండి. గుండె కోసం రాసిచ్చిన చిన్న డోసు ఆస్పిరిన్ వేరు, దాన్ని మీ అంతట మీరు ఆపకండి. మిగతాది తీరిగ్గా చదవండి.

నేను డాక్టర్ని కాను. 24 ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఆపరేషన్ థియేటర్‌లో హార్ట్ లంగ్ మెషిన్ నడుపుతున్నాను. మమ్మల్ని పర్‌ఫ్యూజనిస్టులంటారు. గుండె ఆపి కుట్లు వేసే ఆ గంటా రెండు గంటలూ ఒంటికంతటికీ రక్తం పంపేది మా పంపే. అందుకే మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

కిడ్నీలు ఒక్కోటి పిడికిలంతే ఉంటాయి. గుండె పంపే రక్తంలో మాత్రం ఐదో వంతుకు పైగా వాటికే పోతుంది. రోజుకు దాదాపు 180 లీటర్లు వడగట్టి, అందులో లీటరున్నర, రెండు లీటర్లు తప్ప మిగతాదంతా వెనక్కి లాక్కుంటాయి. ఆ లాక్కోవడమే కష్టమైన పని, దానికి ఆక్సిజన్ చాలా కావాలి. చిక్కేమిటంటే ఆ పనిలో పెద్ద భాగం చేసే సన్న గొట్టాలు కొన్ని కిడ్నీ లోపలి పొరలో ఉంటాయి. అక్కడికి ఆక్సిజన్ మామూలు రోజుల్లోనే బొటాబొటిగా అందుతుంది. మన కొండవాలు మీద చివరి ఇళ్లకు కుళాయి ఎలా సన్నగా వస్తుందో చూశారుగా? కింద ఎవరైనా మోటారు వేస్తే ఆ ఇంటికే ముందు ఆగిపోతుంది. రక్తం తగ్గితే కిడ్నీలో మొదట ఎండేది ఆ లోపలి పొరే.

ఇక తిరిగొస్తే దెబ్బ ఏమిటన్నారు. గ్యాస్ స్టవ్ నాబ్ తిప్పేసి, లైటర్ కనపడక వెతుక్కుని, కాసేపయ్యాక వెలిగిస్తే ఏమవుతుంది? భగ్గుమంటుంది. మంట తప్పు కాదు, అప్పటిదాకా పోగైన గ్యాస్‌ది తప్పు. ఆక్సిజన్ లేనప్పుడు కణంలో జరిగేది దాదాపు ఇదే. ఇంధనం అయిపోయి, ఉప్పును బయటికి తోసే పంపులు ఆగిపోతాయి, కణం నీళ్లు పట్టి ఉబ్బుతుంది. సక్సినేట్ అనే పదార్థం కాలకుండా పోగవుతుంది. రక్తం తిరిగి రాగానే అదంతా ఒక్కసారి కాలి, కణాన్ని లోపలి నుంచి కాల్చే రకం ఆక్సిజన్ పుట్టుకొస్తుంది. ఎలుకల్లో ఈ సంగతి 2014లో బయటపెట్టారు. ఆ వెనకే తెల్ల రక్తకణాలు దండులా దిగుతాయి, సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. అందుకే పెద్ద నాళంలో రక్తం బాగానే పారుతున్నా లోపలి పొరకు ఇంకా గంటల తరబడి సరిగ్గా అందకపోవచ్చు.

ఒక మాట మాత్రం అమ్మగారికి చదివి వినిపించండి. బైపాస్‌లో కిడ్నీ రక్తనాళానికి ఎవరూ క్లాంపు, అంటే రక్తం ఆపే పట్టకారు, పెట్టరు. క్లాంపు పడేది గుండె దగ్గర మహాధమనికి, కిడ్నీలకు మా పంపు నుంచి రక్తం వెళ్తూనే ఉంటుంది. తగ్గవచ్చు, ఆగదు. నిజంగా ఆగేది కిడ్నీలో గడ్డను కోసి తీసేటప్పుడు, కిడ్నీ మార్పిడిలోను. మార్పిడిలో కిడ్నీని 4 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. చల్లగా ఉంటే కణానికి ఆకలి తగ్గుతుంది. ఒకే దాత నుంచి తీసిన రెండు కిడ్నీల్లో ఒకదాన్ని ఐస్ పెట్టెలో, రెండోదాన్ని చల్లటి ద్రవం పంపే చిన్న మెషిన్ మీద ఉంచి యూరప్‌లో పోల్చి చూశారు. 2009లో వచ్చిన ఫలితం: ఐస్‌లో ఉంచినవాటిలో 26.5 శాతం మొదట్లో డయాలసిస్ సాయం లేకుండా పనిచేయలేదు, మెషిన్ మీదవి 20.8 శాతం. నా వృత్తి కాబట్టి ఆ వార్త చదివిన రోజు చాలా సంతోషించాను.

పంపు మీద మేం కిడ్నీల కోసం చూసుకునేవి ఏమిటంటే, ప్రెషర్ ఒక్కటే కాదు, నిమిషానికి ఒంటికి ఎంత ఆక్సిజన్ అందుతోందన్న లెక్క. శరీరం వైశాల్యంలో చదరపు మీటరుకు 280 మిల్లీలీటర్ల కింద పడనివ్వకూడదని ఇప్పుడు చాలాచోట్ల పాటిస్తున్నారు. రక్తం మరీ పల్చబడనివ్వం. చివర్లో ఒళ్లు వెచ్చచేసేటప్పుడు పంపు నుంచి వెళ్లే రక్తం 37 డిగ్రీలు దాటకుండా మెల్లగా వేడెక్కిస్తాం. తొందరపడి వేడి పెంచితే, ఆకలి పెరిగి అన్నం చాలని పరిస్థితి అవుతుంది కిడ్నీకి.

నొప్పి బిళ్ల ఎందుకు అంత గట్టిగా వద్దన్నానంటే, రక్తం తగ్గినప్పుడు కిడ్నీ తన లోపలికొచ్చే నాళాన్ని తనే తెరిచి పెట్టుకుంటుంది. దానికి వాడుకునే రసాయనాన్నే ఆ బిళ్ల ఆపుతుంది. అంటే చివరింటి కుళాయి ఉన్న గొట్టాన్ని ముందే నొక్కి పెట్టినట్టు.

పసుపు క్యాప్సూల్స్ పిన్నిగారికి మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి. కూరలో పసుపు వేరు, ఇది వేరు. కెనడాలో 10 ఆసుపత్రుల్లో, పొట్టలోని మహాధమనికి ఆపరేషన్ చేయించుకుంటున్న 606 మందిలో సగం మందికి పసుపులో ఉండే కర్క్యుమిన్, సగం మందికి ఉత్తి బిళ్ల ఇచ్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. కిడ్నీ దెబ్బ ఉత్తి బిళ్ల వాళ్లలో 10 శాతం, కర్క్యుమిన్ వాళ్లలో 17 శాతం. కాపాడుతుందనుకున్నది కాపాడలేదు సరికదా, ఎక్కువైంది.

తమ్ముడు చూసిన వీడియో అబద్ధం కాదు. చేతికి పట్టీ బిగించి ఐదు నిమిషాలు రక్తం ఆపి, ఐదు నిమిషాలు వదిలి, అలా మూడుసార్లు చేస్తే ఒళ్లంతా దెబ్బకు సిద్ధమవుతుందని ఆలోచన. 1986లో కుక్కల గుండెల మీద చేసిన ప్రయోగంతో మొదలైన దారి ఇది. 2015లో జర్మనీలో రిస్కు ఎక్కువున్న 240 మంది గుండె రోగుల్లో కిడ్నీ దెబ్బ 52.5 నుంచి 37.5 శాతానికి తగ్గింది. అదే ఏడాది అంతకంటే చాలా పెద్ద పరీక్షలు రెండు వచ్చాయి, వాటిలో మేలు కనిపించలేదు. మత్తుకు వాడిన ప్రొపొఫాల్ ఆ ప్రభావాన్ని అణిచేసిందేమో అని కొందరి అనుమానం. ఏదైనా అది థియేటర్‌లో మత్తు డాక్టరు నిర్ణయించాల్సింది. ఇంట్లో చేయకండి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు కిడ్నీల కోసమని డోపమిన్ అనే మందు చిన్న మోతాదులో ఎక్కించడం అలవాటుగా ఉండేది. అప్పటికే 2000లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో 328 మంది మీద చేసిన పరీక్షలో అది కాపాడదని తేలింది. అయినా ఆ అలవాటు పోవడానికి ఏళ్లు పట్టింది. అందుకే కొత్త మందు అంటే ముందు అంకెలు అడుగుతాను. ఈ మధ్య వచ్చినవాటిలో నాకు కాస్త ఆశ కలిగించింది ఒక్కటే: అమైనో ఆసిడ్ల సెలైన్. 2024లో వచ్చింది, పంపు మీద గుండె ఆపరేషన్ అయిన 3,511 మందిలో కిడ్నీ దెబ్బ 31.7 నుంచి 26.9 శాతానికి తగ్గింది. డయాలసిస్ అవసరంలోను, మరణాల్లోను చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ సర్జన్‌ని అడగండి, మా నాన్నకు పనికొస్తుందా అని. అడగడంలో తప్పు లేదు.

ఈ పది రోజుల్లో మీరు చేయగలిగినవి ఉన్నాయి. యాంజియోగ్రామ్‌లో ఎక్కించిన రంగు మందు కూడా కిడ్నీకి భారమే కాబట్టి, ఆ తర్వాత క్రియాటినిన్ మళ్లీ చేశారా అడగండి. చేయకపోతే చేయించండి. ఆయన వేసుకునే ప్రతి బిళ్లా ఒక కవర్లో వేసి తీసుకెళ్లి చూపించండి. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది ఉంటే మామూలుగా ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఆపిస్తారు. బీపీ బిళ్ల పేరు చివర ‘ప్రిల్’ అని గానీ ‘సార్టాన్’ అని గానీ ఉంటే ఆ రోజు పొద్దున వేయాలో మానాలో అడగండి. ఆ నొప్పి బిళ్ల తప్ప మీరై మీరు ఏదీ ఆపకండి. విరేచనాలు, వాంతులు, జ్వరం వస్తే దాచకుండా చెప్పండి, డేటు మారినా ఫరవాలేదు. ఒళ్లు ఎండిపోయిన మనిషి పంపు మీదకి వస్తే నా మనసు కుదుటపడదు.

అనకాపల్లి అక్క:

చెల్లీ, మా ఆయనకు రెండేళ్ల కిందట బైపాస్ అయింది. మూడో రోజు యూరిన్ తగ్గిపోయింది. మూడుసార్లు డయాలసిస్ చేశారు, తర్వాత కిడ్నీలు వాటంతట అవే తేరుకున్నాయి. ఇప్పుడు క్రియాటినిన్ 1.2. అమ్మగారికి ఈ మాట చెప్పు. డయాలసిస్ అంటే ఎప్పటికీ అనుకుని నేను కూడా ఐసీయూ బయట కుర్చీలో ఏడ్చాను. ఉద్దానంలో ఏళ్ల తరబడి మెల్లగా పాడయ్యేది వేరు, ఇది వేరు అని ఒక నర్సమ్మ పక్కన కూర్చుని చెప్పింది. బతికున్న కణాల నుంచి కొత్తవి పుట్టి గొట్టాలను బాగుచేసుకుంటాయి, టైము ఇవ్వాలి అంది.

నేను నేర్చుకున్నది ఒకటి. యూరిన్ పైపు బ్యాగు దగ్గర గంటగంటకీ రాస్తారు. ఆ కాగితంలో ఎంత ఉందో రోజూ అడుగు. కిలోకి గంటకు అర మిల్లీలీటరు కంటే తగ్గి ఆరు గంటలు దాటితే అది హెచ్చరికట. మీ నాన్నగారి బరువు ఎంతో చూసి సగం చేసుకో, ఆ అంకె గుర్తుపెట్టుకో.

ఇంకొకటి మా తప్పు. డిశ్చార్జి రోజు నొప్పి బిళ్లల సంగతి మాకెవరూ చెప్పలేదు. ఛాతీ కుట్టు నొప్పి అంటే నేనే వీధి చివర మెడికల్ షాపులో అడిగి తెచ్చి నాలుగు రోజులు వేశాను. క్రియాటినిన్ మళ్లీ 2.6కి పోయింది. నేనే చేతులారా చేశానని ఇప్పటికీ బాధ. నువ్వు డిశ్చార్జి కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాయించుకో.

ఎలుకల ల్యాబు:

అక్కా, నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) చదువుతున్నాను. నా ప్రాజెక్టు సరిగ్గా ఇదే. ఎలుకకు మత్తిచ్చి కిడ్నీ రక్తనాళాలకు 45 నిమిషాలు క్లిప్పు పెట్టి, తీసేసి, 24 గంటల తర్వాత క్రియాటినిన్ చూస్తాం. క్లిప్పు పెట్టగానే కిడ్నీ నల్లబడుతుంది, తీయగానే మళ్లీ ఎర్రబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు హమ్మయ్య బాగైపోయింది అనుకున్నాను. మర్నాడు స్లైడు కింద చూస్తే లోపలి పొరలో గొట్టాల కణాలు రాలిపోయి ఉన్నాయి.

మొక్కల రసాలు ఎలుకల్లో ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తాయో నా అనుభవం చెప్తాను. మేం వాడేవి వయసులో ఉన్న, షుగర్ లేని, బీపీ లేని మగ ఎలుకలు. మందు వారం ముందు నుంచి ఇస్తాం. హీటింగ్ ప్యాడ్ సరిగ్గా పనిచేయని రోజున ఎలుక ఒళ్లు రెండు డిగ్రీలు చల్లబడితే, మందు లేని ఎలుకలకు కూడా దెబ్బ బాగా తగ్గిపోయింది. ఆడ ఎలుకలైతే ఇదే దెబ్బను మగవాటికంటే బాగా తట్టుకుంటాయి. ఇన్ని సంగతులు తేడా చేసేచోట ఒక కషాయాన్ని నమ్మి 66 ఏళ్ల షుగర్ మనిషికి ఇవ్వమని నేను చెప్పలేను.

తెల్ల గలిజేరు గురించి ప్రత్యేకంగా. దానికి మూత్రం ఎక్కువ చేసే గుణం ఉంది, అందుకే పాతవాళ్లకు నమ్మకం. కానీ మూత్రం ఎక్కువ రావడం, కిడ్నీ బాగుండడం ఒకటి కాదు. మూత్రం పెంచే మందు ఫ్యూరోసెమైడ్ ఇస్తే యూరిన్ ధారగా వస్తుంది, అయినా అది కిడ్నీని దెబ్బ నుంచి కాపాడదు. పైగా ఆపరేషన్ ముందు ఒంట్లో నీరు తగ్గితే నష్టమే. పెదనాన్నగారితో వాదించకండి, ఆపరేషన్ అయ్యాక ఎప్పుడైనా పప్పులో ఆకు వేసుకుందాం అని చెప్పండి.

మర్రిపాలెం అమ్మాయి:

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. నొప్పి బిళ్ల ఆ రాత్రే ఆపేశాం. నాన్న రెండు రోజులు కాస్త విసుక్కున్నారు. అమ్మ ఇసుక మూట వేడిచేసి కాపడం పెడుతోంది. క్రియాటినిన్ మళ్లీ చేయిస్తే 1.3. షుగర్ బిళ్లల్లో డాపాగ్లిఫ్లోజిన్ నిజంగానే ఉంది, 21 నుంచి ఆపమన్నారు. అమైనో ఆసిడ్ల గురించి అడిగితే సర్జన్‌గారు ఎక్కడ చదివారమ్మా అని అడిగి, మత్తు డాక్టరుతో మాట్లాడతానన్నారు. గ్యాస్ స్టవ్ ఉదాహరణ అమ్మకు చెప్పాను. ఇప్పుడు స్టవ్ ముట్టించినప్పుడల్లా నాన్న వైపు చూస్తోంది.

మర్రిపాలెం అమ్మాయి:

24న ఆపరేషన్ అయింది. 26 సాయంత్రానికి క్రియాటినిన్ 1.7. ఆ ముందు రాత్రి యూరిన్ గంటకు 20 మిల్లీలీటర్లే వచ్చింది. నాన్న బరువు 68, అంటే 34 రావాలి. అక్క చెప్పింది గుర్తుండి, ఆరు గంటలు ఆగకుండా నాలుగు గంటలు గడవగానే డ్యూటీ డాక్టర్ని అడిగాను. ఆయన అప్పటికే చూస్తున్నారట. బీపీ తక్కువగా ఉందని దాన్ని పెంచే మందు సర్దారు. తెల్లారేసరికి 45 వచ్చింది. సార్, 1.7 అంటే కిడ్నీ దెబ్బతిన్నట్టేనా?

పంపు దగ్గర మనిషి:

అవునమ్మా, లెక్క ప్రకారం దెబ్బే. రెండు రోజుల్లో 0.3 పెరిగితే దెబ్బగానే రాస్తారు, ఇది 0.4. కానీ మొదటి మెట్టు. యూరిన్ వస్తోంది కాబట్టి నాకు భయం లేదు. రేపటి అంకె చెప్పండి.

మర్రిపాలెం అమ్మాయి:

28న 1.5, ఈరోజు 1.4. రేపు ఇంటికి పంపిస్తామన్నారు. డిశ్చార్జి కాగితం మీద నొప్పి బిళ్లలు వాడకూడదని ఎర్ర ఇంకుతో రాయించుకున్నాను. నొప్పికి పారాసెటమాల్ మాత్రమే, వాళ్లు రాసిన మోతాదులో.

పంపు దగ్గర మనిషి:

వారం తర్వాత ఒకసారి, మళ్లీ మూడు నెలలయ్యాక ఒకసారి క్రియాటినిన్ చేయించండి. మూడు నెలల పరీక్షకు వెళ్లినప్పుడు యూరిన్‌లో ప్రొటీన్ కూడా చూడమనండి, చాలామంది అది మర్చిపోతారు. నాన్నగారు కాస్త నడవగలిగాక బీచ్ రోడ్డుకు తీసుకెళ్లండి, పొద్దున్నే, ఎండ ఎక్కకముందే.